వాన స్టేజ్ తర్వాత గేర్లు కుదరకపోతే: నా అనుభవం

రోజుకో స్టేజ్ (దశ) చొప్పున రోజుల తరబడి సాగే సైకిల్ రేసులో తడిసిన మర్నాడే గేర్లు మొండికేస్తాయి. చైన్ వెనక ఉన్న పెద్ద పళ్ల చక్రానికి ఎక్కడానికి తటపటాయిస్తే గేర్ కేబుల్ వదులైనట్టు. వెనక డిరైలర్ (చైన్‌ను ఒక పళ్ల చక్రం నుంచి మరోదానికి జరిపే భాగం) దగ్గర కేబుల్ బిగువు మార్చే మరను, అంటే బ్యారెల్‌ను, అపసవ్య దిశలో పావు చుట్టు చొప్పున తిప్పితే చాలు.

ఎక్కడం సరిచేస్తే దిగడం, దిగడం సరిచేస్తే ఎక్కడం చెడుతుంటే ఇక బ్యారెల్‌ను వేధించొద్దు. అప్పుడు కారణాలు ముఖ్యంగా రెండు. ఒకటి, కేసింగులో (కేబుల్ పైన ఉండే గొట్టం) చేరిన బురద రాపిడి: 1.2 మి.మీ. లోపలి కేబుల్, డిరైలర్ దగ్గరి 4 మి.మీ. కేసింగు ముక్క కొత్తవి వేయాలి. నూనె పోస్తే పోదు, ఇంకా దుమ్ము పడుతుంది.

రెండోది డిరైలర్ హ్యాంగర్, అంటే డిరైలర్‌ను ఫ్రేమ్‌కు పట్టి ఉంచే చిన్న లోహపు ముక్క, వంగడం. సైకిల్ కుడివైపు పడినా, వ్యాన్‌లో వేరే సైకిల్ ఒరిగినా, ఇదే ముందు అనుమానించాలి. హ్యాంగర్ గేజ్‌తో (హ్యాంగర్ వంపు కొలిచే పనిముట్టు) వెనక చక్రం రిమ్ చుట్టూ నాలుగు చోట్ల దూరం కొలవండి. తేడా 4 మి.మీ. దాటకూడదు. సరిచేశాక డిరైలర్ లోపలికి ఎంతవరకు జరగాలో ఆపే లో లిమిట్ స్క్రూ తప్పక చూడాలి, లేకుంటే డిరైలర్ చువ్వల్లోకి పోతుంది.

అల్యూమినియం హ్యాంగర్ పదేపదే వంచితే విరుగుతుంది. ఒక్కో ఫ్రేమ్‌కు ఒక్కో రకం, మెకానిక్ దగ్గర దొరక్కపోవచ్చు. స్పేర్ మీ సంచిలోనే ఉండాలి.