పుట్టిన బిడ్డ ఒళ్లు చల్లబడకుండా మేం చేసిన మార్పు

మా కాన్పుల వార్డులో పిల్లలు పుట్టిన గంటలోపే చల్లబడిపోయేవారు. చంకలో ఉష్ణోగ్రత 36.5 నుంచి 37.5 డిగ్రీల సెల్సియస్ మధ్య ఉండాలి. చాలామందికి అంతకన్నా తక్కువే వచ్చేది. వార్మర్లు (బిడ్డను వెచ్చగా ఉంచే యంత్రాలు) చాలడం లేదనుకుని ఇంకో రెండు కావాలని ఇండెంట్ పెట్టాను. అసలు కారణం అది కాదు.

ఒకరోజు సిస్టర్లు, ఆయమ్మలతో కూర్చుని, బిడ్డ పుట్టినప్పటి నుంచి తల్లి పక్కకు చేరేదాకా ఏమేం జరుగుతోందో వరసగా రాశాం. ఆయమ్మే పట్టుకుంది: "సార్, తడిబట్టలోనే తూకానికి తీసుకుపోతున్నాం గదా!" తూకం బల్ల సరిగ్గా ఫ్యాన్ కింద ఉంది.

ముందు ఒక్క షిఫ్టులోనే మార్చి చూశాం. రెండు పొడిబట్టలు ముందే వెచ్చబెట్టడం, ఫ్యాన్ ఆపడం, తుడిచిన బట్ట తీసేసి బిడ్డను నేరుగా తల్లి గుండెల మీద పడుకోబెట్టడం. తూకం గంట తర్వాతే. సిజేరియన్లలో ఇది వెంటనే కుదరలేదు. ఏసీ 25 డిగ్రీలకు తగ్గకూడదని మత్తు డాక్టరుగారిని ఒప్పించడానికే నెల పట్టింది.

పిల్లల ఉష్ణోగ్రతలు చూపే గోడ మీది గ్రాఫు సిస్టర్లే గీస్తారు. గీత మెల్లగా పైకొచ్చింది. మొదటి 24 గంటలు బిడ్డకు స్నానం వద్దని అమ్మమ్మలకు నచ్చజెప్పే పని మాత్రం ఆయమ్మదే. నాకన్నా ఆమె మాటే వింటారు.