వేడి బోర్లలో కొలతలు – 4వ పాఠం: డీవార్ ఫ్లాస్కు గడువు

కిందటి పాఠంలో, భూమి లోపలి వేడి ఆవిరి కోసం తవ్విన బోర్లలో దించే పీటీఎస్ టూల్ భాగాలు చూశాం: ప్రెషర్ సెన్సర్, టెంపరేచర్ సెన్సర్, ప్రవాహవేగం చెప్పే స్పిన్నర్. ఈసారి టూల్ దించేముందు కాగితం మీద వేసుకోవాల్సిన లెక్క.

మనం చూసే టూల్ స్లిక్‌లైన్ మీద, అంటే ఉత్త స్టీలు తీగ మీద దిగుతుంది. రీడింగులు దాని మెమరీలోనే ఉంటాయి. ఎలక్ట్రానిక్స్ సుమారు 150 డిగ్రీల సెల్సియస్ వరకే తట్టుకుంటాయి కనుక వాటిని డీవార్ ఫ్లాస్కులో పెడతారు. రెండు గోడల మధ్య గాలి తీసేసిన గొట్టం అది. వేడిని ఆపలేదు, ఆలస్యం చేస్తుందంతే. తయారీదారు పట్టికలో 350 డిగ్రీల దగ్గర 4 గంటలు అని ఉంటే, అందులో పావు వంతు, తీగను చుట్టే వించ్ మొరాయించినప్పటికి దాచండి. చేతిలో మిగిలేది 180 నిమిషాలు.

బోరు లోతు 2400 మీటర్లు, కేసింగ్ 1200 వరకు అనుకుందాం. కేసింగ్‌లో నిమిషానికి 60 మీటర్ల చొప్పున దిగడానికి 20 నిమిషాలు. కింది సగంలో నిమిషానికి 30 మీటర్ల వేగంతో దిగడానికి 40, అడుగున ఆగడానికి 10, అదే వేగంతో ఎక్కడానికి 40. మళ్లీ అదే సగంలో 60 మీటర్ల వేగంతో దిగడం, ఎక్కడం కలిపి 40. మధ్యలో అయిదేసి నిమిషాల స్టాపులు మూడు, 15. పైకి రావడానికి 20. మొత్తం 185. అయిదు నిమిషాలు ఎక్కువైంది, కాబట్టి ఒక స్టాపు తీసేయండి. రెండో వేగాన్ని మాత్రం తీయొద్దు. కనీసం రెండు వేగాలు లేనిదే స్పిన్నర్ తిరుగుడులో తీగ వేగం ఎంతో, ఆవిరి వేగం ఎంతో విడదీయలేం.

తీగ కూడా వేడికి సాగుతుంది. స్టెయిన్‌లెస్ స్టీలు డిగ్రీకి మీటరుకు సుమారు 0.016 మిల్లీమీటర్లు పెరుగుతుంది. సగటున 180 డిగ్రీలు వేడెక్కితే 2400 మీటర్లకు దాదాపు 7 మీటర్లు. తీగ ఎంత దిగిందో పైన లెక్కపెట్టే కౌంటర్ చెప్పిన దానికంటే టూల్ అంత కింద ఉంటుంది. బరువుకు సాగేది అదనం. అందుకే కౌంటర్‌ను నమ్మి అడుగుదాకా పోకండి, 20 మీటర్లు ముందే ఆపండి.

లోతు పైనున్న రికార్డర్‌లో, రీడింగులు టూల్‌లో ఉంటాయి. రెంటినీ కలిపేది టైమ్ ఒక్కటే. దించేముందు రెండు గడియారాలూ ఒకే కంప్యూటర్‌తో సరిచేయండి. సెకనుకు మీటరు వేగంలో రెండు సెకన్ల తేడా అంటే రెండు మీటర్ల తప్పు. ఈ తప్పు దిగేటప్పుడు ఒకవైపు, ఎక్కేటప్పుడు రెండోవైపు జరుగుతుంది కాబట్టి ఆవిరి వచ్చే పగులు గ్రాఫులో రెండు చోట్ల కనబడుతుంది.

టూల్ బయటికి రాగానే పని అయిపోయిందనుకోవద్దు. ఫ్లాస్కు లోహంలో చేరిన వేడి ఇంకా లోపలికి పోతూనే ఉంటుంది. గ్లవ్స్ తొడుక్కుని ఎలక్ట్రానిక్స్‌ను వెంటనే బయటికి లాగండి. లోపలికి నీరు చొరకుండా ఆపే రబ్బరు ఓ-రింగ్ ఒకసారి వేడి తిన్నదంటే మళ్లీ వాడకూడదు.

ఐస్‌లాండ్‌లో 2017లో తవ్వకం ముగిసిన ఐడీడీపీ-2 బోరు లోతు 4659 మీటర్లు. అడుగున సుమారు 427 డిగ్రీలు, 340 బార్ పీడనం నమోదయ్యాయి. అలాంటి చోట 350 డిగ్రీల పట్టికే చెల్లదు.

అభ్యాసం: మరుగుతున్న భాగంలో గ్రాఫు 40 బార్ అబ్సొల్యూట్ (వాతావరణ పీడనం కూడా కలిపి), 246 డిగ్రీలు చూపిస్తోంది. ఏ పీడనం దగ్గర నీరు ఎన్ని డిగ్రీలకు మరుగుతుందో చెప్పే ఆవిరి పట్టిక ప్రకారం అక్కడ 250 ఉండాలి. ఇది దిగేటప్పటి రీడింగైతే ముందు ఏ సెన్సర్‌ను అనుమానిస్తారు? ఎక్కేటప్పటిదైతే?