మహమ్మారి వేళ ప్రభుత్వ నిర్ణయాన్ని ప్రశ్నించడం ఎలా?

ఆంధ్రప్రదేశ్‌లో తొలి కొవిడ్ కేసు 2020 మార్చి 12న నెల్లూరులో నిర్ధారణ అయింది. వారం తిరిగేసరికి రెండవది ఒంగోలులో బయటపడింది. ఆనాటి నుంచి ఈ రెండు జిల్లాల్లో లాక్‌డౌన్ మీద, మద్యం దుకాణాల మీద, మాస్కు జరిమానాల మీద, కృష్ణపట్నం మందు మీద, మరణాల లెక్కల మీద జరగని వాదన లేదు. అయితే టీకొట్టు దగ్గర ఎంత గట్టిగా వాదించినా ఆ మాట కలెక్టరేటు గడప తొక్కదు. అధికారి కాగితం మీద జవాబు చెప్పక తప్పని రూపంలో అసమ్మతిని నమోదు చేయడం వేరే పని. దానికి ఒక క్రమం ఉంది. రేపు మరో అంటువ్యాధి వచ్చినా పనికివచ్చే విధంగా ఆ క్రమాన్ని ఇక్కడ వివరిస్తున్నాం.

1. ఏ నిర్ణయంతో విభేదిస్తున్నారో ఒక్క వాక్యంలో రాయండి

"ప్రభుత్వం విఫలమైంది" అన్న మాటకు ఏ అధికారీ జవాబు చెప్పనక్కరలేదు. ఏ తేదీన, ఎవరు, ఏమి చేశారు లేదా చేయలేదు అన్నది తేలితేనే అది ఫిర్యాదు అవుతుంది. 2020 జూలై నెలాఖరులో ప్రకాశం జిల్లా కురిచేడులో శానిటైజర్ తాగి పదిమందికి పైగా చనిపోయిన సంఘటనను చూడండి. అంతకు ముందు మే నెలలో రాష్ట్రంలో మద్యం ధరలను రెండు విడతల్లో 75 శాతం పెంచారు. ఊళ్లో కేసులు రావడంతో దుకాణాలు మూతపడ్డాయి. శానిటైజర్ మాత్రం ఎక్కడ పడితే అక్కడ చౌకగా దొరికింది. కొందరు ధరను తప్పుపట్టారు, కొందరు దుకాణాల మూసివేతను, కొందరు శానిటైజర్ అమ్మకంపై నిఘా లేకపోవడాన్ని, మరికొందరు తాగినవారినే తప్పుపట్టారు. ఇవన్నీ ఒకే దుర్ఘటన చుట్టూ తిరిగినా ఒకే వివాదం కాదు. ధర రాష్ట్ర ప్రభుత్వ విధానం, మూసివేత స్థానిక నియంత్రణ చర్య, శానిటైజర్ అమ్మకం ఔషధ నియంత్రణ అధికారులు చూడవలసిన విషయం. మూడింటినీ కలిపి ఒకే అర్జీగా రాస్తే మూడు కార్యాలయాలూ "ఇది మా పరిధిలోది కాదు" అని తిప్పి పంపుతాయి, పైగా అలా పంపడంలో తప్పూ ఉండదు.

నిబంధనకూ, దాన్ని అమలు చేసిన తీరుకూ మధ్య ఉన్న తేడాను కూడా ఈ దశలోనే తేల్చుకోవాలి. అదే జూలైలో, అప్పటి ప్రకాశం జిల్లాలోనే ఉన్న చీరాలలో, మాస్కు లేదని పోలీసులు ఆపిన ఒక యువకుడు ఆ తర్వాత ఆసుపత్రిలో మరణించాడు. పోలీసులు కొట్టడమే కారణమని కుటుంబం ఆరోపించింది, జీపు నుంచి దూకడం వల్ల గాయపడ్డాడని పోలీసులు చెప్పారు, ఎస్సై సస్పెండయ్యారు. ఈ విషయంలో న్యాయం కోరేవారు మాస్కు నిబంధనను వ్యతిరేకించవలసిన అవసరమే లేదు; నిబంధనను పూర్తిగా సమర్థించేవారు కూడా ఆ అర్జీ మీద సంతకం పెట్టవచ్చు.

2. నిర్ణయం ఎవరిదో కనుక్కొని, ఉత్తర్వు ప్రతి సంపాదించండి

2020 మార్చి 25 నుంచి అమలైన దేశవ్యాప్త లాక్‌డౌన్ 2005 నాటి విపత్తు నిర్వహణ చట్టం కింద కేంద్రం తీసుకున్న నిర్ణయం. 1897 నాటి అంటువ్యాధుల చట్టం కింద నిబంధనలు జారీ చేసింది రాష్ట్రం. ఫలానా వీధి కంటెయిన్‌మెంట్ జోనా (కేసుల వల్ల రాకపోకలు కట్టడి చేసిన ప్రాంతమా) కాదా అన్నది జిల్లా యంత్రాంగం తేల్చింది. టీకాల విషయంలో 18 నుంచి 44 ఏళ్ల వారికి కేంద్రం అనుసరించిన డబ్బు చెల్లింపు విధానం ప్రాథమికంగా చూస్తే నిర్హేతుకమని 2021 మే 31 నాటి ఆదేశంలో సుప్రీంకోర్టు వ్యాఖ్యానించింది. జూన్ 7న కేంద్రం ఆ విధానాన్ని మార్చుకుంది. అదే సమయంలో టీకా దొరకలేదని మండల వైద్యాధికారిని నిలదీసినవారు తమ కోపాన్ని తీర్చుకున్నారే తప్ప, టీకా ఇచ్చే అధికారం ఉన్నవారిని అడగలేదు.

జీవో చదవకుండా జీవోను విమర్శించకూడదు. పత్రికలో వచ్చిన సారాంశం, వాట్సాప్‌లో తిరిగే ఫొటో సరిపోవు. రాష్ట్రంలో 2021 ఆగస్టులో జీవోలను వెబ్‌సైటులో బహిరంగంగా పెట్టడం ఆపివేశారు, 2024 ఆగస్టులో మళ్లీ మొదలుపెట్టారు. కాబట్టి మధ్యకాలపు ఉత్తర్వు కావలసినవారు దరఖాస్తు చేసి అడగవలసి రావచ్చు. మరో చిక్కు కూడా ఉంది. 2022 ఏప్రిల్ 4న జిల్లాలను పునర్వ్యవస్థీకరించినప్పుడు చీరాల బాపట్ల జిల్లాలోకి, సూళ్లూరుపేట తిరుపతి జిల్లాలోకి వెళ్లాయి. 2020 నాటి కాగితం పాత జిల్లా కేంద్రంలో ఉందో కొత్త కేంద్రానికి చేరిందో తెలియకపోతే, రెండు కేంద్రాల్లో ఎక్కడి అధికారికి దరఖాస్తు చేసినా ఫరవాలేదు; సమాచార హక్కు చట్టం 6(3) సెక్షన్ ప్రకారం సంబంధిత కార్యాలయానికి 5 రోజుల్లో బదిలీ చేయవలసిన బాధ్యత ఆ అధికారిదే.

3. వైద్యపరమైన ప్రశ్నను అధికారపరమైన ప్రశ్న నుంచి వేరు చేయండి

అన్నిటికన్నా ఎక్కువ గందరగోళం ఇక్కడే పుడుతుంది. దీనికి కృష్ణపట్నాన్ని మించిన ఉదాహరణ మన జిల్లాలోనే కాదు, దేశంలోనే అరుదు.

2021 మే నెలలో, రెండవ విడత తీవ్రంగా ఉన్న రోజుల్లో, ముత్తుకూరు మండలం కృష్ణపట్నంలో బొణిగి ఆనందయ్య ఉచితంగా పంచిన మూలికల మందు కోసం వేలాది మంది తరలివచ్చారు. ఆసుపత్రిలో పడక దొరకని రోగులను కూడా వాహనాల్లో తీసుకువచ్చారు. మే 21న జనాన్ని అదుపు చేయలేని పరిస్థితి వచ్చి, పంపిణీ ఆగిపోయింది. ఇక రాష్ట్రమంతా రెండుగా చీలింది: ఒక పక్షం పేదవాడి మందును కార్పొరేట్ ఆసుపత్రుల కోసం ఆపారని అంది, మరో పక్షం మూఢనమ్మకాన్ని మొదట్లోనే ఆపలేదని అంది. ఈ గొడవలో మూడు వేర్వేరు ప్రశ్నలు కలగాపులగమయ్యాయి.

మందు పనిచేస్తుందా అన్నది మొదటిది. ఇది జనాభిప్రాయంతో తేలేది కాదు, కలెక్టర్ తేల్చేదీ కాదు. ఆయుర్వేద పరిశోధనా మండలి వంటి సంస్థలు పరీక్షించి చెప్పవలసినది. పంపిణీని ఆపే అధికారం ప్రభుత్వానికి ఉందా, ఉంటే ఏ చట్టం కింద అన్నది రెండవది. దీన్ని పట్టుకొని హైకోర్టుకు వెళ్లినవారు సరైన తలుపే తట్టారు. వైరస్ సోకినవారూ సోకనివారూ ఒకే వరుసలో గంటల తరబడి నిలబడటం క్షేమమా అన్నది మూడవది. మందు అమృతమే అయినా ఈ ప్రశ్న మిగిలే ఉంటుంది.

మే 31న ప్రభుత్వం కంటి చుక్కలను మినహాయించి మిగతా మందుల పంపిణీకి అనుమతించింది. ఆ నిర్ణయాన్ని ఈ మూడు ప్రశ్నల వెలుగులో చదివితే విషయం తేటపడుతుంది. మందు వల్ల హాని లేదన్నారు, కొవిడ్‌ను నయం చేస్తుందనడానికి ఆధారం లేదన్నారు, వైద్యులు రాసిన మందులు మానవద్దన్నారు, రోగులు స్వయంగా రాకుండా బంధువులు వచ్చి తీసుకువెళ్లాలన్నారు. అంటే హాని లేదని తేలిన మేరకు అనుమతించారు గాని, గుణం ఉందని ధ్రువీకరించలేదు. అయినా ఆ రోజు చాలామంది దాన్ని తమ నమ్మకానికి వచ్చిన ముద్రగానే చదువుకున్నారు. మీరు రాసే ప్రతి అర్జీలోనూ ఏ వాక్యం ఏ ప్రశ్నకు చెందుతుందో గుర్తు పెట్టుకొని, మొదటి రకం వాక్యాలకు వైద్య నివేదికనూ, రెండవ రకానికి చట్టాన్నీ, మూడవ రకానికి కళ్లారా చూసినదాన్నీ ఆధారంగా చూపాలి.

4. పార్టీని మార్చి చూడండి

ఇది రాయడానికి ముందు ఒంటరిగా చేసుకోవలసిన పరీక్ష. 2020 మార్చి 15న రాష్ట్ర ఎన్నికల కమిషనర్ నిమ్మగడ్డ రమేశ్‌కుమార్ కొవిడ్ కారణంగా స్థానిక ఎన్నికలను వాయిదా వేసినప్పుడు, వైఎస్ జగన్‌మోహన్ రెడ్డి ప్రభుత్వం వాయిదా అవసరం లేదంటూ సుప్రీంకోర్టుకు వెళ్లింది. వాయిదాలో జోక్యం చేసుకోవడానికి కోర్టు నిరాకరించింది. పది నెలలు గడిచాక ఎన్నికల సంఘం పంచాయతీ ఎన్నికలు జరుపుతామంటే, కొవిడ్ కారణంగానే వద్దని ప్రభుత్వం అంది. 2021 జనవరి 25న సుప్రీంకోర్టు ఎన్నికల సంఘం వైపే నిలిచింది. వైరస్ అదే, వాదనలే కుర్చీలు మార్చుకున్నాయి. ఆ రెండు సందర్భాల్లోనూ కేసుల సంఖ్యను చూసి అభిప్రాయం చెప్పినవారు ఎందరో, పార్టీని చూసి చెప్పినవారు ఎందరో మన ఊళ్లలో మనకే తెలుసు. మీ వాక్యంలో ముఖ్యమంత్రి పేరు మార్చి చదివినా అది నిలబడుతుందనుకుంటేనే సంతకం చేయండి.

5. అర్జీ ఇచ్చి రసీదు తీసుకోండి

నెల్లూరు, ఒంగోలు కలెక్టరేట్లలో సోమవారం అర్జీలు తీసుకుంటారు. ప్రభుత్వాలు మారినప్పుడల్లా ఈ కార్యక్రమం పేరు మారుతూ వచ్చింది. జనం మాత్రం ఇప్పటికీ గ్రీవెన్స్ అనే అంటారు. అర్జీ ఒక పేజీ దాటకూడదు. ఈ ధోరణిలో రాయవచ్చు:

"మా వీధిని కంటెయిన్‌మెంట్ జోనుగా ప్రకటించినట్లు మైకులో చెప్పారు గాని ఉత్తర్వు ప్రతి మాకు చూపలేదు. కంచె వేసిన నాటి నుంచి పాలు, మందులు తెచ్చే ఏర్పాటు లేదు. డయాలసిస్ అవసరమైన ఒకరు, నిండు గర్భిణి ఒకరు ఈ వీధిలో ఉన్నారు. జోను గడువు ఏ తేదీతో ముగుస్తుందో, నిత్యావసరాల బాధ్యత ఏ అధికారికి అప్పగించారో లిఖితపూర్వకంగా తెలియజేయవలసిందిగా కోరుతున్నాము."

ఇందులో తిట్టు లేదు, పొగడ్త లేదు, చేతులు జోడించి వేడుకోవడమూ లేదు. అడిగినవి రెండే, రెండింటికీ తేదీ లేదా పేరు తప్ప వేరే జవాబు కుదరదు. రసీదు సంఖ్య లేకుండా మాత్రం కౌంటరు దగ్గర నుంచి కదలవద్దు.

6. సమాచార హక్కును రికార్డుల కోసం వాడండి

ఆంధ్రప్రదేశ్‌లో దరఖాస్తు రుసుము గ్రామ స్థాయిలో లేదు, మండల స్థాయిలో 5 రూపాయలు, ఆపై కార్యాలయాల్లో 10 రూపాయలు. దారిద్ర్యరేఖకు దిగువనున్నవారికి మినహాయింపు ఉంది. జవాబుకు గడువు 30 రోజులు, వ్యక్తి ప్రాణానికి లేదా స్వేచ్ఛకు సంబంధించిన సమాచారమైతే 48 గంటలు. "ఆక్సిజన్ ఎందుకు సరిపోలేదు?" అని అడిగితే అది అభిప్రాయమని పక్కన పెడతారు. "2021 ఏప్రిల్ 1 నుంచి జూన్ 30 వరకు జిల్లా ప్రభుత్వ ఆసుపత్రికి రోజువారీగా అందిన ఆక్సిజన్ పరిమాణం నమోదైన పుస్తకం నకలు ఇవ్వగలరు" అని అడిగితే నకలు ఇవ్వాలి, లేదా పుస్తకం లేదని రాసివ్వాలి. లేదని రాసివ్వడం కూడా చిన్న జవాబేమీ కాదు. గడువు దాటితే 30 రోజుల్లో మొదటి అప్పీలు, ఆ తర్వాత 90 రోజుల్లో రాష్ట్ర సమాచార కమిషన్‌కు రెండవ అప్పీలు చేసుకోవచ్చు.

7. బహిరంగంగా మాట్లాడేటప్పుడు హద్దులు తెలుసుకోండి

పడక దొరకలేదని, ఆక్సిజన్ కావాలని సామాజిక మాధ్యమాల్లో రాసినవారిపై చర్య తీసుకుంటే కోర్టు ధిక్కారంగా భావిస్తామని 2021 ఏప్రిల్ 30న సుప్రీంకోర్టు స్పష్టం చేసింది. అయితే విపత్తు సమయంలో అబద్ధపు హెచ్చరికతో భయాందోళన రేపితే విపత్తు నిర్వహణ చట్టం 54వ సెక్షన్ కింద ఏడాది వరకు జైలుశిక్ష పడవచ్చు. కాబట్టి చూసినది చూసినట్లు, విన్నది విన్నట్లు విడివిడిగా రాయాలి. రోగి పేరు, ఫొటో పెట్టకూడదు. ఊరేగింపుకు ముందు 30 పోలీస్ యాక్ట్ (ఊరేగింపులను, సభలను నియంత్రించే పోలీసు చట్టం 30వ సెక్షన్) అమల్లో ఉందేమో డీఎస్పీ కార్యాలయంలో కనుక్కొని, అనుమతి రాతపూర్వకంగా అడగాలి. వైద్య సిబ్బందిపై చేయి చేసుకోవడం అసమ్మతి కాదు. అంటువ్యాధుల చట్టానికి 2020లో చేసిన సవరణ ప్రకారం అది 3 నెలల నుంచి 5 ఏళ్ల వరకు శిక్షపడే, బెయిలు దొరకని నేరం.

ప్రభుత్వోద్యోగులకు ఈ దారి మరింత ఇరుకు. నర్సీపట్నం ఆసుపత్రిలో మత్తు వైద్యుడైన డాక్టర్ సుధాకర్ 2020 ఏప్రిల్‌లో మాస్కుల కొరత గురించి బహిరంగంగా మాట్లాడి సస్పెండయ్యారు. ఆయన లేవనెత్తిన విషయం ప్రజలందరిదీ, మోసిన భారం మాత్రం ఆయన ఒక్కరిదే. ఉద్యోగులు ముందుగా పై అధికారికి ఇండెంటు (కావలసిన సరుకు కోరే పత్రం), అవసరమైతే మెమో రూపంలో కొరతను రికార్డు చేసి, మిగతాది సంఘం ద్వారా మాట్లాడించడం మేలు.

8. మరణాల లెక్కపై విభేదిస్తే ఇంటి నుంచి మొదలుపెట్టండి

2020, 2021 సంవత్సరాల్లో భారత్‌లో మహమ్మారి వల్ల దాదాపు 47 లక్షల అదనపు మరణాలు సంభవించాయని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2022 మేలో అంచనా వేసింది. అధికారిక లెక్క 5 లక్షల లోపే. అంచనా వేసిన పద్ధతే తప్పని కేంద్రం అభ్యంతరం తెలిపింది. ఈ వివాదాన్ని గ్రామస్థులు పరిష్కరించలేరు గాని, తమ పంచాయతీ మరణాల రిజిస్టరును గత సంవత్సరాలతో పోల్చి చూడగలరు. 2021 సెప్టెంబరు మార్గదర్శకాల ప్రకారం కొవిడ్ నిర్ధారణ అయిన 30 రోజుల్లోపు సంభవించిన మరణం, ఆసుపత్రి వెలుపల జరిగినా, సాధారణంగా కొవిడ్ మరణమే. ధ్రువపత్రంపై అభ్యంతరముంటే జిల్లా స్థాయి కమిటీ వినేలా అప్పట్లో ఏర్పాటు చేశారు. 50 వేల రూపాయల పరిహారానికి సుప్రీంకోర్టు 2022 మార్చిలో గడువులు విధించింది. సహేతుకమైన కారణంతో గడువు దాటినవారు ఫిర్యాదుల కమిటీని ఆశ్రయించే వీలుంచింది.

9. కోర్టుకు చివరగా వెళ్లండి

నేలపాడులోని హైకోర్టులో రిట్ వేసినప్పుడు సాధారణంగా ఎదురయ్యే మొదటి ప్రశ్న, ముందు అధికారులకు విన్నవించుకున్నారా అన్నదే. సోమవారం ఇచ్చిన అర్జీ రసీదు, సమాచార హక్కు జవాబు, ఉత్తర్వు నకలు తేదీల వరుసలో పెట్టి తీసుకువెళ్లండి. మహిళలకు, ఎస్సీ, ఎస్టీలకు, విపత్తు బాధితులకు ఉచిత న్యాయ సహాయం అందించడానికి నెల్లూరు, ఒంగోలు జిల్లా కోర్టు ప్రాంగణాల్లోనే న్యాయ సేవాధికార సంస్థలున్నాయి. అక్కడ దరఖాస్తుతో పాటు ఆధార్ నకలు, ఆ మూడు కాగితాలూ ఇవ్వండి.