విడాకుల కేసు మధ్యలో లాయర్‌ని మార్చారా? ఫీజు గొడవ ఇలా తేల్చుకోండి

మా చెల్లి విడాకుల కేసుకి మొదటి లాయర్‌తో 80 వేలకి మాట్లాడుకున్నాం, అదీ నోటిమాటే. ఓపీ (విడాకుల పిటిషన్) వేశాక, అవతలివాళ్ల కౌంటర్ (జవాబు) కూడా రాకముందే ఆయన్ని మార్చాల్సి వచ్చింది. అప్పటికి 50 వేలు కట్టాం. మిగతా 30 చేతిలో పెడితేనే ఫైలు ఇస్తానని కూర్చున్నాడు.

ఇక్కడే చాలామంది టెన్షన్ పడి కట్టేస్తారు. కట్టకండి. ఫీజు బాకీ ఉందని క్లయింటు కాగితాలు ఆపే హక్కు లాయర్‌కి లేదని సుప్రీంకోర్టు 2000లోనే ఆర్.డి. సక్సేనా కేసులో చెప్పేసింది. ఈ మాట ఫోన్‌లో అరిచి చెప్తే లాభం లేదు, మీరు ఇచ్చిన ఒరిజినల్స్ పేర్లన్నీ (పెళ్లి ఫోటోలు, శుభలేఖ, బ్యాంకు స్టేట్‌మెంట్లు) రాసి, వాట్సాప్‌లో ఒకటి, స్పీడ్ పోస్టులో ఒకటి మర్యాదగా పంపండి. కోర్టులో వేసినవాటికి సర్టిఫైడ్ కాపీలు ఎలాగూ తీసుకోవచ్చు.

కొత్త లాయర్ వకాలత్ (మీ తరఫున వాదించడానికి కోర్టులో వేసే కాగితం) వేయడానికి పాతాయన ఒప్పుకోవాలి. ఒప్పుకోకపోతే కారణం చెప్పి కోర్టు అనుమతి అడగొచ్చు. అది తేలేదాకా ప్రతి వాయిదాకీ మీరే వెళ్లండి. కేసు వేసినవాళ్లు రాకపోతే డిఫాల్ట్‌లో కొట్టేస్తారు, అవతలివాళ్లయితే ఎక్స్‌పార్టీ, అంటే వాళ్లు లేకుండానే కేసు నడిపేస్తారు.

ఇక లెక్క. ఇ-కోర్ట్స్ యాప్‌లో సీఎన్ఆర్ నంబరు (ప్రతి కేసుకీ కోర్టు ఇచ్చే విడి నంబరు) కొడితే ఏ వాయిదాకి ఏం జరిగిందో వస్తుంది. అది చూసి నోట్‌బుక్‌లో రాసుకుంటే మాకు తేలింది: ఓపీ, ఒక ఐఏ (కేసు మధ్యలో వేసే చిన్న పిటిషన్), ఐదు వాయిదాలు, అంతే. ఈలోగా గుమస్తా డైరీ కాగితం చింపి ఒక చీటీ పంపాడు, "టైపింగ్, జిరాక్స్, ఇతరములు: 12,000". ఆ 'ఇతరములు' ఏంటో రాసివ్వమన్నాం, మళ్లీ ఆ చీటీ ఊసే లేదు. బార్ కౌన్సిల్ నియమాల ప్రకారం క్లయింటు డబ్బులో ఫీజెంత, ఖర్చెంత అని లాయర్ లెక్క రాయాలి, అడిగితే కాపీ ఇవ్వాలి.

లాయర్ తనంతట తానే తప్పుకుంటే చేయని పనికి తీసుకున్న ఫీజు వెనక్కివ్వాలని నియమంలోనే ఉంది. మీరు తీసేస్తే అంత సూటిగా ఉండదు, చేసిన పనికి మాత్రం ఇవ్వాల్సిందే, అక్కడ మొండికేస్తే మన మాటకి విలువుండదు. భరణంలో ఇంత పర్సెంట్ అంటే మాత్రం అసలు ఒప్పుకోవద్దు, అది నియమాలకే విరుద్ధం. ఖాళీ చెక్కు ఇవ్వద్దని వేరే చెప్పాలా!

"కన్స్యూమర్ కోర్టుకి లాగండి" అని మా బాబాయి ఒకటే పోరు. ఆ దారి 2024 మేలో సుప్రీంకోర్టు మూసేసింది. రాష్ట్ర బార్ కౌన్సిల్‌లో అడ్వకేట్స్ చట్టం సెక్షన్ 35 కింద ఫిర్యాదు చేయొచ్చు కానీ అది ప్రవర్తన మీద, ఫైలు ఇవ్వకపోవడం లాంటివాటికి బాగా పనికొస్తుంది. డబ్బే కావాలంటే మూడేళ్లలోపు సివిల్ దావా వేయాలి. అంతకంటే ముందు జిల్లా న్యాయ సేవాధికార సంస్థలో అర్జీ పెట్టి లోక్ అదాలత్‌లో కూర్చోబెట్టడం నయం. ఆడవాళ్లకైతే ఆదాయంతో పని లేకుండా అక్కడ ఉచితంగా లాయర్‌ని కూడా ఇస్తారు.

మేం చివరికి ఇంకో 6 వేలిచ్చి, "ఇక బాకీ లేదు" అని రాయించి సంతకం పెట్టించుకుని ఫైలు తెచ్చుకున్నాం. ఇంటికొచ్చి చూస్తే శుభలేఖ లేదు, మళ్లీ పరుగు. మీరు అక్కడే కూర్చుని జాబితాతో సరిచూసుకున్నాకే డబ్బు తీయండి.