లామ్డా ఏం చెబుతోంది? (క్వాంటిటేటివ్ ఎకనామిక్స్ మాస్టర్స్‌కి సొంతంగా సిద్ధమవడం: 5వ పాఠం)

పోయిన పాఠంలో ఇచ్చిన పాక్షిక అవకలనం లెక్కలు పూర్తి చేశారా? చేయకపోతే ఇది పక్కన పెట్టి ముందు అవి చేయండి. అవకలనం చేతికి అలవాటు కాకుండా ఈ రోజు విషయంలోకి దిగితే కాగితం మీద గుర్తులు కనిపిస్తాయి తప్ప అర్థం పట్టుబడదు.

ఈ రోజు విషయం, షరతుకి లోబడి గరిష్ఠం కనుక్కోవడం. మాస్టర్స్‌లో చేరిన కొద్ది రోజులకే ఎదురయ్యే పని ఇది. వినియోగదారుడికి ఆదాయం షరతు, సంస్థకి ఉత్పత్తి లక్ష్యం షరతు, ప్రభుత్వానికి రాబడి షరతు. మైక్రోలో ఒకసారి గట్టిగా నేర్చుకుంటే మాక్రోలో పొదుపు లెక్కలకీ, ఎకనోమెట్రిక్స్‌లో షరతులు పెట్టి వేసే అంచనాలకీ అదే పద్ధతి పనికొస్తుంది.

ఈ పద్ధతిలో షరతుకి తగిలించే గుణకాన్ని లామ్డా అనే గ్రీకు అక్షరంతో రాస్తాం. నేను చదువుకునేటప్పుడు మొదటి సెమిస్టర్ అంతా లామ్డాని కొట్టేయడానికే వాడాను. రెండు సమీకరణాలు రాసి ఒకదాన్ని ఇంకొకదానితో భాగిస్తే లామ్డా ఎగిరిపోతుంది, జవాబు వచ్చేస్తుంది. మార్కులూ వచ్చేవి. వైవాలో మాత్రం "లామ్డా 5 అని వచ్చింది కదా, ఏమిటా 5?" అని అడిగితే నోట మాట రాలేదు. మీకు ఆ పరిస్థితి రాకూడదని ఈ పాఠం రాస్తున్నాను. ఈ రోజు లామ్డాని ఎక్కడా కొట్టేయకండి.

పెన్ను తీసుకోండి. రెండు వస్తువులు, ఎక్స్, వై. ఎక్స్ ధర 2, వై ధర 5, చేతిలో ఆదాయం 100. ప్రయోజనం (వస్తువుల వల్ల కలిగే తృప్తికి మనం పెట్టే సంఖ్య) = ఎక్స్ × వై అనుకుందాం. లక్ష్యాన్నీ షరతునీ కలిపి ఒకే చోట రాస్తే దాన్ని లాగ్రాంజియన్ అంటారు. దాన్ని ఇలా రాస్తాం:

ఎక్స్ × వై + లామ్డా × (100 − 2 ఎక్స్ − 5 వై)

ఎక్స్ పరంగా అవకలనం చేసి సున్నాకి సమానం చేస్తే, వై = 2 లామ్డా. వై పరంగా చేస్తే, ఎక్స్ = 5 లామ్డా. ఈ రెంటినీ బడ్జెట్‌లో పెడితే 10 లామ్డా + 10 లామ్డా = 100. కాబట్టి లామ్డా 5, ఎక్స్ 25, వై 10. ప్రయోజనం 250.

చాలామంది ఇక్కడ గీత గీసి తర్వాతి లెక్కకి పోతారు. మీరు పోకండి. ఆదాయాన్ని 101 చేసి మళ్లీ మొదటి నుంచీ చేయండి. ఎక్స్ 25.25, వై 10.1 అవుతాయి. ప్రయోజనం 255.025. అంటే ఆదాయం 1 పెరిగితే ప్రయోజనం 5.025 పెరిగింది. లామ్డా చెప్పింది 5. షరతుని కాస్త సడలిస్తే గరిష్ఠ విలువ ఎంత పెరుగుతుందో చెప్పే సంఖ్యే లామ్డా.

మరి ఆ 0.025 ఎక్కడిది? ఈ లెక్కలో గరిష్ఠ ప్రయోజనం, ఆదాయం వర్గాన్ని 40తో భాగిస్తే వచ్చేదే. 100 వర్గం 10,000, దాన్ని 40తో భాగిస్తే 250, సరిపోయింది. దీని వాలు 100 దగ్గర 5, 101 దగ్గర 5.05. లామ్డా 100 దగ్గరి వాలుని మాత్రమే చూపిస్తుంది, మనం ఒక అడుగు ముందుకి వేశాం. అడుగు చిన్నది చేసి చూడండి. ఆదాయం 100.1 అయితే ప్రయోజనం 0.50025 పెరుగుతుంది. దాన్ని 0.1తో భాగిస్తే 5.0025. అడుగు ఎంత చిన్నదైతే 5కి అంత దగ్గరవుతాం. ఈ చిన్న లెక్కని స్వయంగా చేసినవాళ్లు ఎన్వలప్ సిద్ధాంతం వచ్చినప్పుడు తడబడరు. ఆదాయం పెరిగితే ఎక్స్, వై కూడా మారతాయి కదా, ఆ మార్పులను విడిగా ఎందుకు లెక్కపెట్టలేదు అన్నదే ఆ సిద్ధాంతం ప్రశ్న. గరిష్ఠం దగ్గర ఉన్న డబ్బుతోనే కొనుగోళ్లను కొంచెం అటూ ఇటూ సర్దితే అదనంగా కలిసొచ్చేదేమీ లేదు. అందుకే లెక్కపెట్టనక్కర్లేదు.

ఇప్పుడు ఒక జాగ్రత్త. ప్రయోజనాన్ని లాగ్ ఎక్స్ + లాగ్ వై అని మార్చి చేయండి (సహజ లాగరిథమ్). ఎక్స్ 25, వై 10, ఏమీ మారలేదు. లామ్డా మాత్రం 0.02 అయింది. 5 సరైనదా, 0.02 సరైనదా? రెండూ సరైనవే. ప్రయోజనం సంఖ్యలు ఇష్టాల వరుసని చెబుతాయి తప్ప ఇష్టాన్ని తూకం వేయవు. కొలబద్ద మారిస్తే లామ్డా మారుతుంది. కాబట్టి ఇద్దరు మనుషుల లామ్డాలు పక్కపక్కన పెట్టి, ఇతనికి డబ్బు అవసరం ఎక్కువ అని చెప్పడానికి వీల్లేదు. పరీక్ష పేపర్లలో ఈ పొరపాటు చాలా మామూలు.

లక్ష్యాన్ని డబ్బులో కొలిచినప్పుడు లామ్డాకి అసలు విలువ వస్తుంది. ఒక సంస్థ 10 యూనిట్లు తయారు చేయాలి. ఉత్పత్తి = (శ్రమ × యంత్రాలు) మొత్తానికి వర్గమూలం. శ్రమ యూనిట్‌కి 4, యంత్రానికి 1 ఖర్చు. తక్కువ ఖర్చుతో చేయాలంటే శ్రమ 5, యంత్రాలు 20, మొత్తం ఖర్చు 40, లామ్డా 4. లక్ష్యం 11 చేస్తే శ్రమ 5.5, యంత్రాలు 22, ఖర్చు 44. సరిగ్గా 4 పెరిగింది. మైక్రో పుస్తకంలో ఉపాంత వ్యయం (ఇంకో యూనిట్ తయారు చేయడానికి అయ్యే అదనపు ఖర్చు) అని వేరే అధ్యాయంలో చదివినదీ ఇదీ ఒకటే.

నాకు ఈ విషయం మీద ప్రేమ పుట్టించింది సోవియట్ గణిత శాస్త్రవేత్త కాంటరోవిచ్ కథ. 1930ల చివర్లో లెనిన్‌గ్రాద్‌లో ఒక ప్లైవుడ్ ట్రస్ట్ వాళ్లు, ఏ యంత్రం మీద ఏ రకం కలప ఎంత నడపాలో చెప్పమని ఆయన్ని అడిగారు. లెక్క సాధించే దారిలో ఒక్కో షరతుకీ ఒక్కో సంఖ్య పుట్టింది. బజారు లేదు, బేరం లేదు, అయినా కొరతే తన ధరను తాను చెప్పుకుంది. 1939లో ఆ పని అచ్చయింది. 1975లో కూప్‌మాన్స్‌తో కలిపి ఆయనకి ఎకనామిక్స్ నోబెల్ ఇచ్చారు. ఇవాళ నీడ ధర అని మనం పిలిచేది ఆ సంఖ్యలనే.

ఇక అసలు ఇబ్బంది పెట్టే చోటు. ధరలు 2, 5 అలాగే ఉంచి, ప్రయోజనం లాగ్ ఎక్స్ + వై, ఆదాయం 4 అనుకోండి. పై పద్ధతిలోనే చేస్తే లామ్డా 0.2, ఎక్స్ 2.5, వై −0.2 వస్తాయి. వస్తువుని −0.2 కొనడం కుదరదు. లెక్క తప్పలేదు, వై సున్నా కంటే తగ్గకూడదన్న షరతు మనం రాయలేదు, అంతే. ఆ షరతు కలిపి, దానికి మ్యూ అనే ఇంకో గుణకం పెట్టండి. వై = 0, ఎక్స్ = 2, లామ్డా = 0.25. వై పరంగా సమీకరణం 1 − 5 లామ్డా + మ్యూ = 0 కాబట్టి మ్యూ = 0.25.

ఈ సంఖ్యల్ని చదవండి. చివరి డబ్బుని ఎక్స్ మీద పెడితే 0.25 ప్రయోజనం, వై మీద పెడితే 0.2 మాత్రమే. కాబట్టి వై జోలికి పోలేదు. షరతు బిగుసుకుంటే గుణకానికి విలువ ఉంటుంది, వదులుగా ఉంటే గుణకం సున్నా అవుతుంది. ఈ నియమాలు కూన్, టకర్ల పేరుతో 1951 నుంచి ప్రసిద్ధి. అయితే విలియం కరుష్ 1939లోనే షికాగో విశ్వవిద్యాలయంలో తన మాస్టర్స్ థీసిస్‌లో వీటిని రాశాడు. మాస్టర్స్ విద్యార్థిగా ఈ మాట గుర్తుపెట్టుకోండి.

వచ్చింది గరిష్ఠమా, కనిష్ఠమా అని పరీక్షించే రెండో స్థాయి షరతులు ఎనిమిదో పాఠంలో వస్తాయి. ఈ పాఠంలోని సమస్యలకి వాటి అవసరం లేదు.

అభ్యాసం. ఒకటి: ప్రయోజనం ఎక్స్ వర్గం × వై, రెండు ధరలూ 1, ఆదాయం 30. ఎక్స్ 20, వై 10, లామ్డా 400 రావాలి. ఆదాయం 30.1 చేసి లామ్డాని సరిచూడండి. రెండు: పైన చేసిన లాగ్ ఎక్స్ + వై లెక్కలోనే ఆదాయాన్ని 1 నుంచి 10 దాకా ఒక్కొక్కటిగా పెంచుతూ లామ్డాని గ్రాఫ్ కాగితం మీద గుర్తించండి. 5 దగ్గర ఏదో జరుగుతుంది. ఎందుకు జరిగిందో రెండు వాక్యాల్లో మీ మాటల్లో రాసి ఉంచండి. ఆరో పాఠంలో ఇవాళ, రేపు అనే రెండు కాలాల మధ్య పొదుపు లెక్కని ఆ గ్రాఫ్ నుంచే మొదలుపెడతాం.