లాప్‌టాప్ మీద నక్షత్రాల ధూళి వెతకడం ఎలా

సూర్యుడి లాంటి నక్షత్రాల చుట్టూ ధూళి వలయాలు వెతకడానికి టెలిస్కోప్ అక్కర్లేదండి. నేను అమలాపురంలో ఇంటర్ పిల్లలకు ఫిజిక్స్ చెబుతాను. ఇక్కడ వానాకాలమంతా మబ్బే. తెరిపిచ్చిన రాత్రి కూడా కొబ్బరి మట్టల సందుల్లో కనిపించినంతే ఆకాశం. అయినా మా పిల్లలూ నేనూ ఏడాది పొడవునా వెతుకుతూనే ఉంటాం, కావలసిన కొలతలన్నీ నెట్‌లో ఉచితంగా ఉన్నాయి కాబట్టి.

గ్రహశకలాలు, తోకచుక్కలు గుద్దుకుంటే పుట్టే ధూళి ఇది. పగలంతా ఎండకు కాగిన డాబా రాత్రి సెగ కక్కినట్టు, నక్షత్ర కాంతికి కాగి పరారుణ కిరణాలు వదులుతుంది. 1983లో పరారుణ కిరణాల్లో ఆకాశాన్ని చూసిన ఐరాస్ ఉపగ్రహం అభిజిత్ నక్షత్రం దగ్గర పట్టుకున్నది ఈ అదనపు వెలుగునే.

ఖగోళ కేటలాగ్‌లు దొరికే విజియర్ సైట్‌లో, నక్షత్రాల స్థానాలు, దూరాలు కొలిచిన హిప్పార్కస్ ఉపగ్రహం కేటలాగ్ తెరవండి. పారలాక్స్ (భూమి తిరగడం వల్ల నక్షత్రం జరిగినట్టు కనిపించే కోణం, దగ్గరివాటికి ఎక్కువ) 20 మిల్లీఆర్క్‌సెకండ్ల పైన, అంటే సుమారు 160 కాంతి సంవత్సరాల లోపు, నక్షత్రం రంగు చెప్పే బి−వి అంకె 0.55, 0.8 మధ్య ఉన్నవి ఏరండి. సూర్యుడిది 0.65 దగ్గర. పాలపుంత పట్టీలోవి వదిలేయండి, అక్కడి ధూళి మబ్బులే మోసం చేస్తాయి. ఏరినవాటిని వైజ్ అనే పరారుణ ఉపగ్రహం కొలతలున్న ఆల్‌వైజ్ కేటలాగ్‌తో జత చేయాలి. హిప్పార్కస్ స్థానాలు 1991 నాటివి, వైజ్ చూసింది 2010లో. ఏడాదికి అర ఆర్క్‌సెకండ్ (డిగ్రీలో 3600వ వంతు ఒక ఆర్క్‌సెకండ్) కదిలే నక్షత్రం ఈలోగా తొమ్మిదిన్నర ఆర్క్‌సెకండ్లు జరిగిపోతుంది. ఆ కదలిక కలిపాకే జత చేయండి.

ఇప్పుడు కె మాగ్నిట్యూడ్‌లోంచి (సుమారు 2 మైక్రాన్ల దగ్గర వెలుగు కొలత, అంకె తగ్గేకొద్దీ వెలుగు ఎక్కువ) డబ్ల్యూ4 (22 మైక్రాన్ల దగ్గర వైజ్ కొలత) తీసేయండి. ధూళి లేకపోతే తేడా సున్నా దగ్గరే ఉంటుంది. 0.25 వచ్చిందంటే 22 మైక్రాన్ల దగ్గర నాలుగో వంతు వెలుగు ఎక్కువ. తేడా దాని ఎర్రర్‌కు మూడు రెట్లు దాటితేనే ఉంచుకోండి. కె విలువ 4 కంటే తక్కువైతే పక్కన పెట్టండి, అంత ప్రకాశానికి కొలత దెబ్బతింటుంది. చేయి తిరగడానికి ముందుగా ధూళి బాగా ఉన్న బీడీ+20 307 అనే నక్షత్రం మీద ప్రయత్నించండి. ఆ తేడా చూసి మా పిల్లలు నోళ్లు తెరిచారు.

మిగిలినవాటిలోనూ చాలా ధూళి కావు. డబ్ల్యూ4 చూపు మందం, 12 ఆర్క్‌సెకండ్లు. వెనక నక్కిన గెలాక్సీ కూడా అదే మచ్చలో కలిసిపోతుంది. అందుకని ఆకాశం ఫొటోలు చూపే అలాదిన్ సాఫ్ట్‌వేర్‌లో ఒక్కొక్క బొమ్మా తెరిచి కళ్లతో చూడాలి. మచ్చ గుండ్రంగా ఉందా? సరిగ్గా నక్షత్రం మీదే ఉందా? నాకు బాగా ఇష్టమైన పరీక్ష మాత్రం అమెరికాలోని పాలోమార్ అబ్జర్వేటరీ పాత ఫొటో ప్లేట్లు. 1950లలో తీసిన ఆ ఫొటోల్లో, వేగంగా కదిలే నక్షత్రం వేరే చోట ఉంటుంది. ఇప్పుడున్న చోటు అప్పుడు ఖాళీ కదా, అక్కడ గెలాక్సీ ఏదైనా ఉంటే దొరికిపోతుంది. నెమ్మదిగా కదిలేవాటికి ఇది పనికిరాదు, ప్లేటు మీద నక్షత్రమే పెద్ద మచ్చ.

తేడా సున్నా వస్తే ధూళి లేదని రాసేయకండి. టౌ సెటి అనే నక్షత్రం 12 కాంతి సంవత్సరాల దూరంలో ఉంది, కార్తీకంలో దక్షిణాన మామూలు కంటికే కనబడుతుంది. దాని ధూళి చల్లనిది, 22 మైక్రాన్ల దగ్గర తెలియదు. 2004లో సబ్‌మిల్లీమీటర్ (మిల్లీమీటర్ కంటే పొట్టి) తరంగాల్లో చూస్తే, నెప్ట్యూన్ అవతల ఉన్న మన మంచు శకలాల వలయం కైపర్ బెల్ట్‌కు పది రెట్ల పైగా ఉందని తేల్చారు. అందుకే మా పిల్లల చేత నోట్‌బుక్‌లో ‘వెచ్చని ధూళి కనబడలేదు’ అని మాత్రమే రాయిస్తాను.