నాటో వార్త చదివే పద్ధతి

శ్రీకాకుళం ఏడు రోడ్ల కూడలికి దగ్గర్లో, మేడ మీది గదిలో గ్రూప్స్ పిల్లలకి అంతర్జాతీయ వ్యవహారాలు చెబుతాను. "మాస్టారూ, నాటోలో ఒకడి మీద చెయ్యేస్తే ముప్పై రెండు దేశాలూ యుద్ధానికి దిగిపోవాల కదేటి?" ప్రతి బ్యాచిలోనూ ఈ ప్రశ్న తప్పదు. నాటో అంటే అమెరికా, కెనడాలతో పాటు ఎక్కువగా ఐరోపా దేశాలున్న సైనిక కూటమి.

అందుకే వార్తలో ముందు నాటో ఒప్పందంలోని ఏ ఆర్టికల్ గురించో, ఆ నంబరు వెతకండి. నాలుగైతే కూర్చుని మాట్లాడుకుంటారు, అంతే. ఐదైతే ఒకరి మీద దాడి అందరి మీదా దాడే. కానీ ఆ వాక్యం చివరిదాకా చదవాలి: ఎవరికి ఏ చర్య అవసరమని తోస్తే అది తీసుకుంటారు. సైన్యాన్నే పంపాలని లేదు. 1949లో ఒప్పందం రాసేటప్పుడు ఈ మెలిక కోరింది అమెరికాయే. యుద్ధం ప్రకటించే అధికారం వాళ్ల కాంగ్రెస్‌ది మరి. తమాషా ఏమిటంటే, ఇప్పటిదాకా ఐదును వాడిన ఒక్కసారీ, 2001లో, ఆ అమెరికా కోసమే.

తర్వాత, అడ్డం పడిందెవరో చూడండి. నేనైతే దీనికే ఎక్కువ సమయం పెడతాను. బ్రస్సెల్స్‌లోని వాళ్ల మండలిలో ఓటింగు ఉండదు, అందరూ ఒప్పుకోవాల్సిందే. మా ఊరి తగువుల్లో కూడా చేతులెత్తించడం లేదు. మా తాత చుట్ట ఆర్పి లేచేదాకా తగువు తెగినట్టు కాదు. నాటోలో చాలా నిర్ణయాలకి ముసాయిదా పంపి గడువు పెడతారు. ఆలోగా ఎవరూ నోరెత్తకపోతే ఖాయం. మౌనం అర్ధాంగీకారం అంటాం మనం, అక్కడ పూర్తి అంగీకారమే.

స్వీడన్ కథ నోట్సులో రాసుకోండి. నాటోలో చేరతానని 2022 మేలో దరఖాస్తు పెట్టింది. కుర్దు తీవ్రవాదులకి ఆశ్రయమిస్తోందని టర్కీ పట్టుబట్టి, 2024 జనవరిలో గానీ ఒప్పుకోలేదు. ఒప్పుకున్న కొద్ది రోజులకే టర్కీకి ఎఫ్-16 యుద్ధ విమానాల అమ్మకానికి అమెరికా సరేనంది. అదీ బేరం. ఫిబ్రవరిలో హంగరీ కూడా దిగొచ్చాక, స్వీడన్ చేరింది మార్చి 7న.

డబ్బు సంగతి రెండు అంకెల్లో తేలిపోతుంది: ఒక్కో దేశం రక్షణకి పెట్టాల్సిన ఖర్చు 2014లో జీడీపీలో 2 శాతం లక్ష్యం, 2025లో హేగ్ సమావేశంలో 5 శాతం, అదీ 2035కి. ఆ అయిదులో 1.5 దాకా రోడ్లు, వంతెనల్లాంటివీ లెక్కకొస్తాయి. కాబట్టి 5 చూసి అంతా తుపాకులకే అని రాసేయకండి.

ఇక అట్లాసు తెరిచి కర్కటరేఖ చూడండి. ఆర్టికల్ ఆరు ప్రకారం అట్లాంటిక్ దీవుల్లో దానికి ఉత్తరాన ఉన్నవాటికే ఈ రక్షణ. 1982లో బ్రిటన్ చేతిలోని ఫాక్‌లాండ్స్ దీవుల మీదికి అర్జెంటీనా దిగినప్పుడు, బ్రిటన్ సభ్యదేశమైనా, ఐదు వర్తించలేదు. ఆ దీవులు ఎక్కడున్నాయో వేలు పెట్టి చూపించమంటాను. సగం మంది పసిఫిక్‌లో పెడతారు.